48 వోల్టుల పాత బండికి 60 వోల్టులు పెట్టించవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 2018లో కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేని తక్కువ వేగం రకం. వెనుక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, సీటు కింద నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉన్నాయి. కొన్న కొత్తలో మా ఆవిడతో కలిసి వెళ్లినా మా కాలనీ మెరక ఎక్కేది. ఇప్పుడు నేనొక్కడినే ఎక్కినా సగం దారిలో నడకకన్నా నెమ్మదిస్తోంది. బ్యాటరీలు మార్పించి రెండున్నరేళ్లు దాటింది. ఇంకొక 12 వోల్టుల బ్యాటరీ కలిపి 60 వోల్టులు చేస్తే పికప్ పెరుగుతుందని మా మెకానిక్ అంటున్నాడు. మరొకరు 60 వోల్టుల లిథియం ప్యాక్ వేయించమంటున్నారు. మోటారు తట్టుకుంటుందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారు గారూ, మీ సమస్యకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఇదే మోటారు, దానికి కరెంటును అదుపు చేసి పంపే ఇదే కంట్రోలర్, ఇదే 48 వోల్టులతో ఆ బండి ఒకప్పుడు ఇద్దరిని ఎక్కించుకుని అదే మెరక ఎక్కింది. కనుక 48 వోల్టులు చాలకపోవడం కాదు, మెరక మీద బండికి ఆ 48 వోల్టులు అందకపోవడమే అసలు జబ్బు అయి ఉండాలి. వోల్టేజీ పెంచే ఆలోచనకు ముందు, ఉన్న వోల్టేజీ ఎక్కడ పోతోందో చూడమని నా మొదటి మాట.

దీనికి మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటరు చాలు. రాత్రంతా చార్జింగ్ పెట్టి, తీసిన రెండు గంటల తరువాత నాలుగు బ్యాటరీల మొత్తం వోల్టేజీ చూడండి. 51, 52 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ అంకె చూసి చాలామంది బ్యాటరీలు బాగానే ఉన్నాయనుకుంటారు. నిలిపి ఉంచిన బండిలో కనిపించే వోల్టేజీ బ్యాటరీ ఆరోగ్యాన్ని చెప్పదు, బరువు మోస్తున్నప్పుడు కనిపించేదే చెబుతుంది. స్టాండు వేసి, బ్రేకు పట్టుకుని యాక్సిలరేటర్ తిప్పి చూడవచ్చుననుకోకండి. బ్రేకు మీటలోని స్విచ్ మోటారుకు కరెంటు ఆపేస్తుంది. నేను చేసే పద్ధతి వేరు. మీటరు వైర్లకు ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులు తగిలించి ఒక్క బ్యాటరీ రెండు కొనలకు పెడతాను. మీటరును, దాని అంకెలు పడేలా వీడియో తీస్తున్న ఫోనును సీటు కింద కదలకుండా కట్టి, సీటు మూసి, మెరక ఎక్కి వస్తాను. నాలుగు బ్యాటరీలకు నాలుగుసార్లు. ఇంటికొచ్చి వీడియోలు చూస్తే అంతా తెలిసిపోతుంది. మూడు బ్యాటరీలు 12 వోల్టులకు కాస్త అటూ ఇటూగా నిలబడి, నాలుగోది మెరక మొదలవగానే పదికి, తొమ్మిదికి జారిపోవడం ఇలాంటి బండ్లలో నేను తరచుగా చూసే దృశ్యం. అలా ఒక్కటి కూలినా మొత్తం వోల్టేజీ 45 దగ్గరికి వస్తుంది. రెండు కూలితే 42కు దిగుతుంది, అక్కడ కంట్రోలర్ తనంతట తానే కరెంటు తగ్గించడమో ఆపడమో చేస్తుంది. మీ కంట్రోలర్ మీద అంటించిన చీటీలో ఈ 42 అనే అంకె అచ్చువేసి ఉండవచ్చు, చూడండి.

ఇక వోల్టేజీ పెంచితే ఏమవుతుందన్నది. హబ్ మోటారు తిరుగుతున్నప్పుడు అది కూడా డైనమోలాగా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, వేగం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. బ్యాటరీ వోల్టేజీని అది సమీపించిన చోట మోటారు వేగానికి హద్దు పడుతుంది. అందువల్ల వోల్టేజీ ప్రధానంగా వేగం హద్దును పెంచుతుంది. చక్రాన్ని తిప్పే బలం, అంటే మెరక మీద మీకు కావలసింది, మోటారులోని తీగ చుట్టలో పారే కరెంటు నుంచి వస్తుంది. 48కి బదులు 60 పెడితే వోల్టేజీ 25 శాతం పెరిగినట్టు. కంట్రోలర్ బ్యాటరీ నుంచి లాగే ఆంపియర్ల పరిమితి మారకపోయినా వాట్లు 25 శాతం పెరుగుతాయి కాబట్టి మెరక మీద కూడా కొంత బలం కనిపిస్తుంది, మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. అయితే బలం 25 శాతం పెరగాలంటే చుట్టలో కరెంటు కూడా దాదాపు అంతే పెరగాలి. చుట్ట వేడెక్కేది కరెంటు వర్గాన్ని బట్టి గనుక వేడి 56 శాతం పెరుగుతుంది. నాలుగు వైపులా మూసి ఉన్న ఆ చక్రంలోంచి, బండి నెమ్మదిగా పోయే మెరక మీద, ఆ వేడి బయటికి పోయే దారే ఉండదు. లోపల హాల్ సెన్సర్లు (చక్రం ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి), తీగల మీది పూత, అయస్కాంతాలు మూడూ వేడికి లొంగేవే.

అయినా మీరు అడిగిన మోటారుకన్నా ముందు పోయేది కంట్రోలర్. కొద్ది నెలల క్రితం సరిగ్గా ఇలా అయిదో బ్యాటరీ కలిపిన ఒక స్కూటర్ కంట్రోలర్‌ను విప్పి చూశాను. బ్యాటరీ వైర్లు లోపలికి వచ్చే చోట, వోల్టేజీ ఒడిదుడుకులను సర్దే, వేలి కణుపు అంత పొడవున్న రెండు కెపాసిటర్లు ఉన్నాయి. వాటి పక్కన, అవి తట్టుకునే హద్దు 63 వోల్టులని తెల్లని అక్షరాలతో ఉంది. ఒకదాని పైకప్పు, చదునుగా ఉండవలసింది, బొరుగు గింజలా ఉబ్బి, మధ్యన గీసిన గాటు దగ్గర విచ్చుకుని గోధుమరంగు జిగురు కారి ఉంది. దాని వెనుక మూడు మాస్‌ఫెట్లు (మోటారుకు కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కాలి అల్యూమినియం పట్టీకి అతుక్కుపోయాయి. 48 వోల్టుల కంట్రోలర్లలో 63 వోల్టుల కెపాసిటర్లు, 75 వోల్టుల మాస్‌ఫెట్లు వేయడం సర్వసాధారణం. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో 58.8 వోల్టుల దాకా పోతాయి, కాబట్టి అక్కడికి సరిపోయింది. అయిదు బ్యాటరీలైతే నిండుగా ఉండి ఊరికే కూర్చున్నా 64, 65 వోల్టులు, చార్జింగ్ చివర 73 వోల్టులు. పేరుకు 60 అనే ప్యాక్ నిజంగా 60 దగ్గర ఉండేది సగం ఖాళీ అయ్యాకే. కొందరి బండ్లు ఇలా మార్చాక కూడా నెలల తరబడి తిరుగుతాయి, అది నిజమే. అవి తిరుగుతున్నది విడిభాగాల తయారీదారులు వదిలిన కొద్దిపాటి మిగులు మీద. మీ కంట్రోలర్ ఎనిమిదేళ్ల వయసున్నది, ఎండిపోతున్న కెపాసిటర్లలో ఆ మిగులు కూడా తరిగిపోయి ఉంటుంది.

అయిదో బ్యాటరీ కలపడంలో మరొక చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మీ కంట్రోలర్ 42 వోల్టుల దగ్గర ఆపాలనే లెక్కతో తయారైంది. నాలుగు బ్యాటరీలకైతే ఒక్కొక్కటి 10.5 వోల్టులు, లెడ్ యాసిడ్‌కు అది సరైన అడుగుమట్టం. అదే 42ను అయిదింటికి పంచితే ఒక్కొక్కటి 8.4. అంటే బ్యాటరీలు చచ్చేదాకా తోడినా కంట్రోలర్ ఆపదు. అందులోనూ నాలుగు పాతవి, ఒకటి కొత్తది. పాతవాటిలో బలహీనమైనది ముందు ఖాళీ అయిపోతుంది, మిగతా వాటి కరెంటు దానిలోంచి బలవంతంగా పారి దాని ధ్రువాలను తారుమారు చేస్తుంది, అది ఇక లేవదు. పైగా మీ 48 వోల్టుల చార్జర్ అయిదింటిని నింపడానికి చాలదు. విడిగా 12 వోల్టుల చార్జర్ తెచ్చి అయిదోదాన్ని వేరుగా నింపుకోమని సలహా ఇస్తారు, రెండు వారాల తరువాత ఆ ఓపిక ఎవరికీ ఉండదు. లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ కూడా 48కే తయారైనదైతే అది మరొక తలనొప్పి. మీటరు మీది బ్యాటరీ ముల్లు ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది.

60 వోల్టుల లిథియం ప్యాక్ వేసినా కంట్రోలర్ విషయంలో కథ మారదు. లిథియంలో వాడుకలో ఉన్న రెండు రకాల్లో, 16 సెల్‌ల ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) ప్యాక్ నిండితే 67.2 వోల్టులు, 20 సెల్‌ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) నిండితే 73. అప్పుడు కంట్రోలర్, కన్వర్టర్, చార్జర్, మీటరు అన్నీ మార్చాలి. ఇవన్నీ మార్చాక గంటకు 25 కిలోమీటర్లు పోయే బండి 31 దాకా పోతుంది. ఆ వేగాన్ని ఆపవలసినవి మాత్రం పాత డ్రమ్ బ్రేకులే, వేగం పావు వంతు పెరిగితే బ్రేకు మింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మీ బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కరలేదన్న వెసులుబాటు రెండు అంకెల మీద నిలబడి ఉంది: మోటారు 30 నిమిషాల సామర్థ్యం 0.25 కిలోవాట్లకు లోపు ఉండాలి, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్లకు లోపు ఉండాలి. 31 దగ్గర అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనమవుతుంది, రేపు ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మీ పెన్షన్‌లోంచి కట్టవలసి వస్తుంది. రిజిస్టరైన బండ్లు ఉన్న పాఠకులు కూడా గమనించండి, అనుమతి లేకుండా వాహనం స్వరూపాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

మీకు నా సలహా ఇది. నాలుగు బ్యాటరీలు పోయాయని పరీక్షలో తేలితే 48 వోల్టుల్లోనే ఉండి, 16 సెల్‌ల ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్ వేయించండి. దాని సగటు వోల్టేజీ 51.2, నిండితే 58.4. మీ కంట్రోలర్ ఇన్నేళ్లూ చూసిన హద్దు లోపలే ఉంటుంది, 63 వోల్టుల కెపాసిటర్లకు ఇబ్బంది లేదు. లెడ్ యాసిడ్ 43కు జారే మెరక మీద ఇది 50 దగ్గర నిలబడుతుంది. మీ కంట్రోలర్ 20 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 860 వాట్లకు బదులు 1,000 వాట్లు లోపలికి వస్తాయి. ఏ హద్దూ దాటకుండానే మీరు అడిగిన పికప్‌లో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది.

రెండో లాభం బరువులో ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. నాలుగు 28 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలు దాదాపు 35 కిలోలు, 30 ఆంపియర్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్ దాదాపు 15 కిలోలు. మీరు, బండి, బ్యాటరీలు కలిపి 150 కిలోలనుకుందాం. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే మెరకను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఆ ఎత్తు ఒక్కదానికే 490 వాట్లు కావాలి. 20 కిలోలు తగ్గిస్తే 425 చాలు. వోల్టేజీ ముట్టుకోకుండా, మోటారును వేడెక్కించకుండా వచ్చిన 65 వాట్లివి. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో రోజూ తిరిగేవారికి ఇది వెంటనే తెలిసిపోయే తేడా.

ప్యాక్ కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. లోపలి బీఎంఎస్ (సెల్‌లను హద్దులు దాటకుండా కాపాడే సర్క్యూట్) నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో అడగండి. మీ కంట్రోలర్ లాగేదానికి కనీసం ఒకటిన్నర రెట్లుండాలి, లేకపోతే సరిగ్గా మెరక మధ్యలోనే ఆగిపోతుంది. బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156 ధ్రువీకరణ ఉందో లేదో అడగండి. ఎల్‌ఎఫ్‌పీకి తగిన 58.4 వోల్టుల చార్జర్‌ను ప్యాక్‌తోపాటే తీసుకోండి. వేయించాక మొదటి వారం మెరక ఎక్కగానే దిగి హబ్ మీద అరచెయ్యి ఆనించండి. అయిదు సెకన్లు ఉంచలేనంత వేడి ఉంటే, ఆ మెరక మీద ఇద్దరు ఎక్కడం ఇక మానాలి.

ప్రశ్న: నాది 36 వోల్టుల, 250 వాట్ల గేర్ హబ్ మోటారున్న ఎలక్ట్రిక్ సైకిల్. 48 వోల్టుల బ్యాటరీ పెడితే వేగం పెరుగుతుందని స్నేహితుడు చెబుతున్నాడు. కంట్రోలర్ మార్చకుండా కుదురుతుందా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందుగా మీ సైకిల్ వేగాన్ని ఆపుతున్నది ఏదో తెలుసుకోండి. వెనుక చక్రాన్ని గాలిలోకి లేపి పూర్తిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. వేగం నిలకడగా 25 దగ్గర ఆగి, మోటారు శబ్దం తెగుతూ తగులుతూ వినిపిస్తే అది కంట్రోలర్ పెట్టిన హద్దు. ఆ హద్దు అక్కడ ఉన్నంతవరకు 48 కాదు, 72 పెట్టినా చదును రోడ్డు మీద వేగం పెరగదు. హద్దు లేకుండా మోటారు తన సహజ వేగం దగ్గర స్థిరపడితేనే వోల్టేజీ పెంపు పనిచేస్తుంది. అప్పుడు లెక్క ప్రకారం మూడో వంతు పెరిగి 33 దాకా రావాలి, కానీ గాలి ఎదురు వల్ల కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి రోడ్డు మీద అంత రాదు.

36 వోల్టుల ఎన్‌ఎంసీ ప్యాక్ నిండితే 42 వోల్టులు, 48 వోల్టులది నిండితే 54.6. మీ కంట్రోలర్ మూత తీసి కెపాసిటర్ మీద అంకె చూడండి. 50 ఉంటే ఆ ఆలోచన అక్కడితో ఆపండి. 63 ఉన్నా, కంట్రోలర్ 36కే అని రాసి ఉంటే, అది ఆపవలసిన తక్కువ వోల్టేజీ 30 దగ్గర ఉంటుంది, 48 వోల్టుల ప్యాక్‌ను కాపాడే పని అంతా బీఎంఎస్ మీద పడుతుంది. 36, 48 రెండింటికీ అని రాసి ఉన్న కంట్రోలర్లు దొరుకుతాయి, ప్రయోగం చేయాలనుకుంటే అటువంటిదే కొనండి. అందులోనూ హాల్ సెన్సర్ వైర్ల రంగులు కలిపినంత మాత్రాన మోటారు సరిగా తిరగాలని లేదు, క్రమం తప్పితే వణుకుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది, మొదటిసారి చక్రం గాలిలో ఉంచే చూడండి. మీ హబ్ లోపలి పళ్లచక్రాలు నైలానువి. ఆగిన చోటి నుంచి ఒక్కసారిగా పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చే అలవాటుంటే, పెరిగిన బలానికి ముందు అరిగేవి అవే. కాలేజీ ప్రాంగణంలో, అనుమతితో, నేర్చుకోవడానికి చేస్తే నాకు సంతోషమే. ప్రజా రహదారి మీద మాత్రం పై జవాబులో చెప్పిన 25 కిలోమీటర్ల నిబంధన మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: లెడ్ యాసిడ్ తీసేసి మా ఊళ్లోనే కట్టించిన 48 వోల్టుల లిథియం ప్యాక్ వేయించాను. పాత చార్జరే పెట్టుకోవచ్చని చెప్పారు. రెండు నెలలుగా బాగానే పనిచేస్తోంది. కొనసాగించవచ్చా?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, ఈ పత్రిక చేతికందిన రోజునే ఆ చార్జర్ వాడకం ఆపండి. మీ పాత చార్జర్ 58.8 వోల్టుల దాకా నెడుతుంది. మీ ప్యాక్ 13 సెల్‌ల ఎన్‌ఎంసీ అయితే దాని హద్దు 54.6, అంటే ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులు. 58.8ని పదమూడుతో భాగిస్తే 4.52 వస్తుంది. ప్రతి రాత్రీ ఆ అదనపు తోపుకు అడ్డం నిలబడుతున్నది లోపలి బీఎంఎస్ ఒక్కటే. చార్జర్ సరిగా ఉన్నా ఏదైనా తేడా వస్తే ఆదుకోవడానికి పెట్టిన చివరి రక్షణ అది. రోజూ దానితోనే పని చేయిస్తే, అందులోని ఒక్క స్విచ్ కాలిపోయిన రాత్రి ఆపేవారెవరూ ఉండరు. రెండు నెలలు బాగా పనిచేసిందంటే రెండు నెలలు బీఎంఎస్ బాగా పనిచేసిందని మాత్రమే అర్థం.

మీరు కంగారు పడాలని ఇది రాయడం లేదు, కానీ 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బండి బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయిన సంగతి మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ ఏడాదే బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156ను కట్టుదిట్టం చేశారు, అది 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలులోకి వచ్చింది.

ప్యాక్ కట్టినవారి దగ్గరకు వెళ్లి లోపల ఏ రకం సెల్‌లు, వరుసలో ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. 13 ఎన్‌ఎంసీ అయితే 54.6 వోల్టుల చార్జర్, 16 ఎల్‌ఎఫ్‌పీ అయితే 58.4 వోల్టుల చార్జర్ కొనండి. ఎల్‌ఎఫ్‌పీ అయినా పాత చార్జర్ వద్దు, అంకెలు దగ్గరగా ఉన్నా లెడ్ యాసిడ్ చార్జర్ నిండిన తరువాత కూడా కరెంటు పంపుతూనే ఉంటుంది. వారు ఆ వివరం రాసివ్వలేకపోతే ఆ ప్యాక్‌ను ఇంట్లో ఉంచుకోకండి. కొత్త చార్జర్ వచ్చేదాకా బండిని వరండాలో, గుమ్మానికి, గ్యాస్ బండకు, పడక గదికి దూరంగా నిలపండి. వచ్చిన తరువాత కూడా చార్జింగ్ పగటిపూట, ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి. ప్రయాణం నుంచి రాగానే ప్యాక్ వెచ్చగా ఉంటే అరగంట ఆగి ప్లగ్ పెట్టండి.